నేల ఉసిరిక – కామెర్ల వైరసు

కామెర్లు వచ్చినవనగానే మన పల్లెలలో ఎవరో ఒకరు నేల ఉసిరికకై పొలముగట్టునకు బయలుదేరుదురు. వానకాలమున అది ఎక్కడబడిన అక్కడ జానెడెత్తున పెరుగును. చింతాకువంటి ఆకు; ఆ ఆకుల క్రిందివైపున ఆవగింజలకంటె కొంచెము పెద్దవైన పచ్చని కాయలు వరుసగా వ్రేలాడుచుండును. వేరుతో పెరికి, కడిగి, మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగింతురు. పథ్యము చప్పిడి కూడు. మూడు నాలుగు వారములలో కన్నుల పసుపు విరిగి, రోగి లేచి తిరుగును. పసరు ఇచ్చిన పెద్దమనిషి చేతిలో గొప్ప గుణమున్నదని ఊరు చెప్పుకొనును.

ఆ మూడు నాలుగు వారములలో జబ్బును కుదిర్చినది మొక్కయా, కాలమా? ఈ సందేహము పూర్వులకు రాకపోలేదు. దానికి జవాబు రాబట్టు మార్గము మాత్రము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని ఏర్పడలేదు. ఆ మార్గమెట్టిదో, దానిలో నేల ఉసిరిక ఎంతదూరము నడిచినదో చెప్పవలెనని నా ఉద్దేశము. మా ఆరోగ్య కార్యక్రమమునకు వచ్చు జాబులలో ఒక ప్రశ్న మాటిమాటికి కనబడుచుండును: “రక్తములో బి వైరసు ఉన్నదన్నారు. నేల ఉసిరిక వాడుచున్నాము. డాక్టరుగారి బిళ్లలు మానవచ్చునా?” దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరకుండవచ్చును. కాని ఎందుకట్లో తెలియనివారికి ఆ ముక్క మనసున నిలువదు.

ముందుగా కామెర్ల సంగతి. పాతబడిన ఎర్రకణములు చితికినపుడు పుట్టు పసుపువన్నె పదార్థమును కాలేయము పైత్యరసముతో బయటికి పంపుచుండును. కాలేయము దెబ్బతినినను, పైత్యనాళమునకు రాయి అడ్డుపడినను, ఎర్రకణములు మితిమీరి చితికినను ఆ పసుపు రక్తములో నిలిచి కన్నులకెక్కును. కాబట్టి కామెర్లు ఒక గుర్తు మాత్రమే; జబ్బు దాని వెనుక నుండును. మన దేశమున ఆ వెనుకనున్నది తరచుగా ఏదో ఒక వైరసు. ఏ, ఇ అను పేర్లుగల కాలేయపు వైరసులు మురుగు కలిసిన నీటివలన వచ్చును. బి, సి అనునవి రక్తమువలనను, శుద్ధిచేయని సూదులవలనను సోకును. బి వైరసు తల్లినుండి పుట్టుబిడ్డకు, స్త్రీపురుష సంపర్కమువలన కూడ వచ్చును.

1955 డిసెంబరునుండి 1956 జనవరి వరకు ఢిల్లీ నగరమున ఒక పెద్ద ఉపద్రవము వచ్చినది. యమున నుండి తోడు మంచినీటిలో మురుగు కలిసి, సుమారు 29 వేల మందికి కామెర్లు కనబడినవి. ఆనాడు దాచియుంచిన రక్తపు నమూనాలను 1980లో తిరిగి పరీక్షింపగా అది ఏ వైరసు కాదని తేలినది. నేడు దానిని ఇ వైరసుగా ఎంచుచున్నారు. ఆ వేలమందిలో అత్యధికులు ప్రత్యేకమైన మందేదియు లేకయే కోలుకొనిరి. గర్భిణుల మాట వేరు. వారికి ఈ జబ్బు ప్రాణాపాయకరము. ఒక్క క్షణము ఊహించి చూడుడు. అప్పుడు ఢిల్లీలో ఎవరైనను ఇంటింటికి నేల ఉసిరిక పసరు పంచియున్నచో, “మాకు కుదిరినది” అని వేలకొలది సాక్ష్యములు వచ్చియుండెడివి. వానిలో అబద్ధము ఒక్కటియు ఉండెడిది కాదు. అయినను అవి మొక్కను గురించి ఏమియు చెప్పజాలవు. తమంత తాము తగ్గు జబ్బులలో అనుభవమును సాక్షిగా పిలుచుటలోని చిక్కు ఇదియే.

బి వైరసు విషయము వేరు. ఇది పెద్దవారికి సోకినచో నూటికి తొంబదియైదుగురు దానిని వదిలించుకొందురు. పురిటిలో శిశువునకు సోకినచో నూటికి తొంబదిమందిలో అది జీవితాంతము నిలిచిపోవును. అట్టివారికి ఏండ్ల తరబడి ఏ బాధయు తోచదు. అన్నము సయించును, పని చేసికొందురు, పెండ్లియాడుదురు. లోపల కాలేయము కొందరిలో మెల్లమెల్లగా గట్టిపడును. మరికొందరిలో అది కేన్సరునకు దారితీయును. ఇట్లు వైరసును మోయుచున్నవారు 2022లో ప్రపంచమున 25 కోట్ల 40 లక్షల మందియనియు, వారిలో సుమారు 3 కోట్లమంది మన దేశమున ఉన్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. వీరి రక్తమునుండి వైరసు తనంత తాను తొలగుట ఏడాదికి నూటికి ఒకరి చొప్పున కూడ కష్టము. కావున ఒక మందు నిజముగా పనిచేయునా లేదా అని చూచుటకు ఇట్టివారికంటె తగినవారు లేరు. ఇచ్చట కాలము పోయి మందు వేషము వేసికొనజాలదు.

వైరసుమీద మందు కనుగొనుట ఎందుకింత కష్టము? క్షయ, టైఫాయిడు మొదలగువానిని కలిగించు సూక్ష్మజీవులు తమ గోడలు, తమ వంటిల్లు, తమ పొయ్యి గల స్వతంత్రములైన జీవములు. పెన్సిలిను వంటి మందు ఆ గోడను కట్టనీయదు. మన కణములకు ఆ గోడయే లేదు గనుక మనకు హాని తక్కువ. వైరసునకు ఇల్లు లేదు, పొయ్యి లేదు. ప్రోటీను తొడుగులో చుట్టిన కొంచెము వంశపదార్థము, అంతియే. అది మన కణములో దూరి, మన సామగ్రితోనే తన బిడ్డలను వండించుకొనును. దానిని అరికట్టబోయి ఆ సామగ్రిని పాడుచేసినచో, ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లగును. మొక్కల రసములను పరీక్షించువారు మొట్టమొదట భయపడునది దీనికే.

వైరసు జీవకణములో తప్ప పెరుగదు గనుక పరీక్షకు ముందు దానికొక కాపురము చూపవలెను. మొదట పొదిగిన కోడిగుడ్డే ఆ కాపురము. ఇంగ్లండులోని నాటింగ్‌హాము నగరపు బూట్స్ మందుల కంపెనీవారు 288 మొక్కలను తీసికొని, గుడ్లలో పెంచిన ఇన్‌ఫ్లూయెంజా వైరసుమీద వాని రసములను ప్రయోగించి, ఆ ఫలితములను 1952లో ప్రకటించిరి. పండ్రెండు మాత్రము వైరసు పెరుగుదలను అణచినవి. గుడ్డునుండి గాజుగిన్నెకు మారుట అమెరికాలో జాన్ ఎండర్సు, ఆయన సహచరులు ఇద్దరు 1949లో పోలియో వైరసును గాజుపాత్రలలోని కణజాలమున పెంచుటతో స్థిరపడినది. వారికి 1954లో నోబెలు బహుమానము లభించినది. 1952లో రెనాటో డల్బెకో వైరసులను లెక్కపెట్టు ఉపాయమొకటి చూపెను. మన దేశమున లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ 1951లో ప్రారంభమైనది. ఆ సంస్థవారు భారతదేశపు మొక్కలను నూర్లకొలదిగా జల్లెడపట్టి, 1968 నుండి ఆ ఫలితములను భాగములుగా ప్రకటించుచు వచ్చిరి. వారు వైరసు పరీక్షకు వాడినవానిలో రానీఖేత్ వైరసు ఒకటి. కోళ్లు పెంచు ఇండ్లవారికి అది కొక్కెర తెగులు అను పేరుతో బాగుగా తెలిసినదే.

డల్బెకో ఉపాయమును వివరించుట అవసరము, ఏలననగా నేటికిని అది ఈ పనికి మూలకందము. గాజుగిన్నె అడుగున కణములు ఒకే పొరగా, చాప పరచినట్లు పెరుగును. పలుచన చేసిన వైరసు నీటిని దానిపై పోసి, వైరసు అటునిటు పారిపోకుండ పైన మెత్తని జిగురు పదార్థము కప్పుదురు. ఒక్కొక్క వైరసు రేణువు తాను పడినచోట చుట్టునున్న కణములను చంపును. కొన్నిదినములకు రంగు వేసి చూచినచో, చాపలో చిమ్మెటలు కొట్టిన చిల్లులవలె తెల్లని మచ్చలు కనబడును. చిల్లులను లెక్కింపవచ్చును. మందు లేనిచోట నూరు చిల్లులు, మందు కలిపినచోట ఏబది చిల్లులు వచ్చినచో, ఆ మోతాదు వైరసును సగమునకు తగ్గించినదన్నమాట.

కాని ఇంతలో సంతోషింపరాదు. అదే రసమును వైరసు లేని కణములమీద కూడ పోసి, ఎంత మోతాదులో సగము కణములు చచ్చునో చూడవలెను. కణములను చంపు మోతాదును, వైరసును తగ్గించు మోతాదుతో భాగించినపుడు వచ్చు అంకెయే మందు యోగ్యతకు మొదటి గీటురాయి. అది ఒకటికో రెంటికో దగ్గరగా ఉన్నచో, రసము వైరసుతోపాటు కణమును కూడ చంపుచున్నదని అర్థము. పదికి లోపు ఉన్నచో సాధారణముగా పరిశోధకులు దానిపై పెద్ద ఆశ పెట్టుకొనరు. “ఫలాని ఆకు వైరసును చంపినది” అని పత్రికలో చదివినపుడు ఈ రెండవ అంకె ఇచ్చిరా లేదా అని చూచు అలవాటు చేసికొనుట మంచిది. సబ్బునీరును వైరసును చంపును, సారాయియు చంపును.

మరియొక మెలకువ. రసమును ఎప్పుడు కలిపిరి? వైరసుతో ముందుగా కలిపి తరువాత కణములపై పోసినచో ఒక అర్థము. కణములకు ముందే పట్టించి తరువాత వైరసును వదలినచో మరొక అర్థము. వైరసు లోపల ప్రవేశించిన తరువాత రసము పోసినపుడు గూడ అది పనిచేసినచో, అది నిజముగా లోపలి వంటను చెడగొట్టుచున్నదన్నమాట. మొక్కల రసములు పెక్కు మొదటి పరీక్షలో దివ్యముగా గెలిచి, మూడవదానిలో చతికిలబడును. దీనికి ముఖ్య కారణము కరక్కాయ, తుమ్మబెరడు మొదలగువానిలోని వగరు పదార్థము. తోలు పదును పెట్టువారు తుమ్మబెరడు వాడుట ఏల? ఆ వగరు తోలులోని ప్రోటీనును గట్టిగా పట్టుకొని బిగించును. గాజుగొట్టములో వైరసు తొడుగును గూడ అట్లే పట్టుకొనును. అది వైరసు అని ఎరిగి పట్టుకొనునది కాదు, ప్రోటీను ఏది దొరికినను పట్టును. కడుపులోనికి పోయినచో అన్నములోని, పప్పులోని ప్రోటీనును పట్టుకొని అచ్చటనే నిలుచును. అందువలన జాగ్రత్తగల పరిశోధకులు వగరును ముందుగా తొలగించి, మిగిలిన రసమునే పరీక్షింతురు. నేల ఉసిరికలో ఈ వగరు జాతి పదార్థములు పుష్కలముగా నున్నవని గుర్తుంచుకొనుడు.

మన వంటింటి పసుపుది మరియొక తీరు. దానిలోని కుర్కుమిన్ అను పచ్చని పదార్థము గాజుగొట్టములో పెక్కు వైరసులమీద పనిచేసినట్లు కనబడును. అది గ్రాములకొలది మ్రింగినను రక్తములోనికి చేరునది అత్యల్పము. అదిగాక దాని రంగు, దాని అస్థిరత్వము పరీక్షలనే తికమకపరచును. 2017లో రసాయనశాస్త్రజ్ఞులు కొందరు అంతవరకు జరిగిన పనినంతయు సమీక్షించి, మందు ఎవరికి ఇచ్చిరో రోగికిని వైద్యునికిని తెలియకుండ జరిపిన పరీక్షలలో ఒక్కటియు సఫలము కాలేదని వ్రాసిరి. పప్పులో పసుపు మానవలసిన పనిలేదు. దానిని మందని మ్రింగుటకే ఆధారము చాలదు.

ఇక నేల ఉసిరిక కథకు వత్తము. దీని మొదటి అంకము మదరాసులోను, రెండవది అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను జరిగినవి. ఫిలడెల్ఫియాలో బరూక్ బ్లూమ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడుండెను. వివిధ జాతుల రక్తములోని భేదములను పరిశీలించుచు, ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి రక్తములో వింతయైన ప్రోటీనొకటి కనుగొని, 1965లో దానిని ప్రకటించెను. అది బి వైరసు పైతొడుగు ప్రోటీనని తరువాత తేలినది. రక్తదాతలలో ఈ వైరసును గుర్తించు పరీక్ష అందుండియే పుట్టినది. ఆయనకు 1976లో నోబెలు బహుమానమిచ్చిరి. మదరాసు విశ్వవిద్యాలయమున సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడైన ఎస్. పి. త్యాగరాజన్, ఆయన సహచరులు, నేల ఉసిరిక సారమును రోగుల రక్తరసముతో కలిపి ఉంచగా ఆ తొడుగు ప్రోటీను పరీక్షకు చిక్కకుండ పోవుచున్నదని 1982లో ప్రకటించిరి. అనేక దేశముల ప్రజలు కామెర్లకు వాడు మూలికల జాబితాలు తిరుగవేయుచున్న బ్లూమ్‌బర్గ్ బృందమునకు ఇది ఆసక్తి కలిగించినది.

బి వైరసు మనుష్యునిలోను, చింపాంజీలోను తప్ప సులభముగా పెరుగదు. అదృష్టవశమున అమెరికాలోని వుడ్‌చక్ అను జంతువునకు దీని దాయాది వైరసొకటి సోకుచున్నదని 1978లో తెలిసెను. వుడ్‌చక్ ఉడుత కుటుంబములోనిది. పిల్లికంటె కొంచెము బొద్దుగా ఉండి, నేలలో బొరియలు త్రవ్వుకొనును. వేంకటేశ్వరన్, ఇర్వింగ్ మిల్మన్, బ్లూమ్‌బర్గ్ అను మువ్వురు 1987లో ప్రకటించిన పని ఇది. నేల ఉసిరిక నీటి సారము వైరసు తన వంశపదార్థమును వ్రాసికొను ఎంజైమును గాజుగొట్టములో అడ్డినది. తరువాత జంతువులకు ఎక్కించిరి. క్రొత్తగా వైరసు సోకిన నాలుగింటిలో మూడింటి రక్తమున మూడునుండి ఆరు వారములలో వైరసు గుర్తులు మాయమైనవి. మందు ఆపిన తరువాత 45 వారములు దాటినను అవి తిరిగి రాలేదు. మందు ఈయని మూడింటిలో ఆ గుర్తులు నిలిచియే యున్నవి. చిరకాలముగా వైరసును మోయుచున్న జంతువులలో ఫలితము అంత బాగుగా లేదు. చర్మము క్రింద సూదివేసినపుడు ఏమియు కాలేదు; కడుపులోపలికి సూదివేసినపుడు ఐదింటిలో రెంటికి వైరసు కొంత తగ్గినది. లెక్క ఎంత చిన్నదో చూడుడు: నాలుగు, మూడు, ఐదు. అయినను ఇట్టి ఫలితమును చూచి ముందడుగు వేయని శాస్త్రజ్ఞుడుండడు.

1988లో మదరాసువారు మనుష్యులమీద జరిపిన పరీక్ష లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడెను. వైరసును మోయుచున్నవారిని రెండు బృందములుగా విభజించి, ఒక బృందమునకు నేల ఉసిరిక పొడిని, రెండవదానికి మందులేని పొడిని ముప్పదిదినములు ఇచ్చిరి. తరువాత రెండు మూడు వారములకు పరీక్షింపగా, మందు తిన్న 37 మందిలో 22 మందికి తొడుగు ప్రోటీను కనబడలేదు. తినని 23 మందిలో ఒక్కరికే కనబడలేదు. నూటికి ఏబదితొమ్మిది ఒకవైపు, నాలుగు ఒకవైపు! ఏడాదికి నూటికి ఒకరికి గూడ జరుగని పని ముప్పదిదినములలో సగముమందికి పైగా జరిగినదనిన, ప్రపంచమంతయు తలెత్తి చూచినది. మన దేశపు పత్రికలలో పతాకశీర్షికలు వచ్చినవి. ఆ వ్యాసకర్తలు మాత్రము దీనిని ప్రాథమిక పరిశీలన అనియే చెప్పిరి. ఆ ఒక్క మాటను మనవారు చాలమంది చదువలేదని నాకు తోచును.

తక్కిన దేశములవారు వెంటనే ప్రయత్నించిరి. థాయిలాండులో 1990లో ప్రకటించిన పరీక్షలో ఫలితము లేదు. న్యూజీలాండులో 1994లో ప్రకటించినదానిలోను లేదు. ఇట్టిదే వైరసు సోకిన బాతులలో గూడ ప్రయోజనము కనబడలేదు. మొదటి పరీక్ష తప్పా, తరువాతివి తప్పా? వాదములు చాల జరిగినవి. ఒక వాదము మొక్క పేరును గురించినది. మన గ్రంథములలో చాలకాలము దీనిని ఫిల్లాంథస్ నిరూరి అని వ్రాయుచు వచ్చిరి. ఆ పేరు నిజమునకు అమెరికా ఖండపు మొక్కది. మన పొలముగట్టు మొక్క ఫిల్లాంథస్ అమారస్. దీని ప్రక్కనే పెరుగు ఎర్ర కాడల జాతి వేరు. కాయలు గరుకుగా నుండును. మూలికలమ్మువారి సంచిలో ఇవన్నియు కలిసియే యుండును. మందుల కంపెనీలో ఇట్టి కల్తీ జరిగినచో శిక్షింతుము. సంచిలో జరిగినచో ప్రకృతి అందుము. నేల, ఋతువు, కోసిన వయస్సు మారినచో అదే మొక్కలోని పదార్థముల పాళ్లు కూడ మారును. కావున ఒక ఊరి మొక్కతో వచ్చిన ఫలితము మరియొక ఊరి మొక్కతో రాకపోవుట అసంభవము కాదు. కాని ఇది ఎంతవరకు ఆశకు ఊతమో, అంతవరకే రోగికి భయకారణము గూడ. ఏ గట్టుమీది మొక్క పనిచేయునో ఎవరును చెప్పలేనపుడు, మీ పెరటిలోనిది పనిచేయునని నమ్ముట ఎట్లు?

అన్ని దేశముల పరీక్షలను ఒకచోట చేర్చి తూకము వేయు కాక్రేన్ సంస్థవారు 2011లో 16 పరీక్షలను, 1326 మంది రోగులను లెక్కలోనికి తీసికొనిరి. మందులేని గుళికతో సరిపోల్చిన పరీక్ష వానిలో ఒక్కటియే. మిక్కిలి పెక్కింటి పద్ధతులలో లోపములున్నవి. బి వైరసును మోయుచున్నవారికి నేల ఉసిరిక వలన మేలు కలుగునని నమ్మదగిన ఆధారము లేదని వారు తేల్చిరి.

ఇందులో ఒక చమత్కారమున్నది. నేల ఉసిరికపై పనిచేసిన బ్లూమ్‌బర్గ్, మిల్మన్‌లే, అంతకు చాల ముందు 1969లో, బి వైరసు టీకాకై పేటెంటునకు దరఖాస్తు పెట్టియుండిరి. వైరసును మోయువారి రక్తములోని తొడుగు ప్రోటీనును శుద్ధిచేసి టీకాగా వాడవచ్చునని వారి ఆలోచన. ఆ టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందెను. 1986లో ఈస్టు కణములచేత ఆ ప్రోటీనును తయారుచేయించు క్రొత్త టీకా వచ్చెను. విదేశములనుండి తెచ్చుకొన్నపుడు దాని వెల మన సామాన్య కుటుంబములకు అందుబాటులో లేదు. 1993లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో తన సొంత టీకాను చాల తక్కువ ధరకు విపణికి తెచ్చెను. తరువాత మరికొన్ని కంపెనీలు పోటీకి దిగగా ధర ఇంకను పడిపోయినది. నేడు సార్వత్రిక టీకాల కార్యక్రమమున ఇది శిశువులకు ఉచితముగా ఇచ్చుచున్నారు. పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల మొదటి మోతాదు పడవలెను. తల్లి వైరసును మోయుచున్నచో ఆ గంటల విలువ చెప్పనలవికాదు. పురిటిలో సోకినచో నూటికి తొంబది అను లెక్క ఇదివరకే చెప్పితిని గదా.

జాబులు వ్రాసినవారికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. బి వైరసునకు నేడు టెనోఫోవిర్, ఎంటెకావిర్ అను బిళ్లలున్నవి. ఇవి వైరసును మూలముతో పెకలింపవు. దాని వంశవృద్ధిని అణచి, కాలేయము గట్టిపడుటను ఆపును. వైరసు ఉన్న ప్రతివారికి ఇవి అవసరముండవు. రక్తపరీక్షలు చూచి వైద్యుడు నిర్ణయించును. కాని ఒకమారు మొదలుపెట్టినవానిని వైద్యుని మాట లేకుండ మానివేసినచో అణగియున్న వైరసు ఒక్కమారుగా చెలరేగి, కాలేయమును ప్రమాదస్థితికి తేవచ్చును. నేల ఉసిరిక త్రాగుచున్నామను ధైర్యముతో బిళ్లలు మానినవారికి వచ్చు ముప్పు మొక్కనుండి రాదు, మానుటనుండి వచ్చును. మజ్జిగలో పసరు త్రాగుచున్న సంగతి వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. తెలిసిన వైద్యుడు కోపగింపడు.

2021 మే నెలలో, కోవిడ్ రెండవ ఉప్పెనలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఒక నాటువైద్యుడు ఇచ్చు మందునకు వేలకొలది జనము గుమిగూడిన సంగతి మీకు గుర్తుండియుండును. ఊపిరాడని రోగులను వాహనములలో పరుండబెట్టి తెచ్చిరి. ప్రభుత్వము పంపిణీని ఆపించి, ఆయుర్వేద పరిశోధనా సంస్థలచేత పరిశీలింపజేసి, ఆ నెలాఖరున లోపలికి పుచ్చుకొను మందులకు అనుమతి ఇచ్చినది. కంటిలో వేయు చుక్కలకు ఈయలేదు. హాని కనబడలేదనియు, కోవిడ్ తగ్గునని ఆధారము లేదనియు నివేదిక సారాంశము. హాని లేదనుటయు, మేలున్నదనుటయు రెండు వేరువేరు మాటలు. జనము మొదటి మాట విని రెండవది అర్థము చేసికొనిరి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఆ దినములలో ఆసుపత్రి వాకిట మంచము దొరకనివానికి ఎటువైపు చూడమని చెప్పగలము? కాని కోవిడ్ సోకినవారిలో అత్యధికులు తమంత తాము కోలుకొనునది గనుక, ఢిల్లీ కామెర్ల లెక్కయే ఇచ్చటను వర్తించును.

ఇంతకును మొక్కలనుండి వైరసు మందులు రానేరావా? వచ్చుటకు త్రోవలు వేరుగా నున్నవి. బిర్యానిలో వేయు అనాసపువ్వును చూడుడు. దానినుండి తీయు షికిమిక్ ఆమ్లమును మూలద్రవ్యముగా తీసికొని, పలు రసాయనచర్యలతో మార్చి, ఇన్‌ఫ్లూయెంజాకు వాడు ఒసెల్టామివిర్ అను మందును తయారుచేయుదురు. ఇది 1999లో అనుమతి పొందినది. ఆ ఆమ్లమునకు స్వయముగా వైరసును అణచు గుణము లేదు. అనాసపువ్వు కషాయము త్రాగినంతనే ఆ మందు కడుపున తయారు కాదు.

మరియొకటి బోర్నియో దీవిలోని సారవాక్ అడవుల కథ. అమెరికా జాతీయ కేన్సరు సంస్థవారికై 1987లో అచ్చట ఒక చెట్టు ఆకులను, రెమ్మలను సేకరించిరి. అది మన తీరప్రాంతపు పొన్నచెట్టునకు దగ్గరి చుట్టము. ఆ సారము ఎయిడ్సు వైరసును గాజుగిన్నెలో గట్టిగా అణచినది. అందులోని పదార్థమును వేరుచేసి, దానికి కాలనోలైడ్ ఏ అని పేరుపెట్టి 1992లో ప్రకటించిరి. ఈలోగా మరికొంత ఆకు కావలసి 1991లో సారవాకునకు తిరిగి పోయిరి. మొదటి చెట్టు అచ్చట లేదు, ఎవరో కొట్టివేసిరి. అదే జాతి చెట్లు ఇతరచోట్ల దొరికినను వానిలో ఆ పదార్థము అంతగా లేకపోయెను. మరియొక దగ్గరి జాతిలో దాని తోబుట్టువు వంటి పదార్థము, అదియు చెట్టును నరుకనక్కరలేకుండ బెరడును గీసి పట్టు పాలలోనే, విస్తారముగా కనబడెను. సారవాక్ ప్రభుత్వమువారు చెట్లను నరుకుటను, ఎగుమతిని కట్టడిచేసిరి. కాలనోలైడును రసాయనశాలలో కృత్రిమముగా తయారుచేసి, మనుష్యులలో మొదటి పరీక్షలు జరిపిరి. ఇంతవరకు అది మందుగా అంగడికి రాలేదు.